సువార్త సూది, మాలకొండారెడ్డి బర్రె

పెళ్ళాం కోసం తెచ్చిన సూదిమందును పరాయి బర్రెకు పొడిచిన మగాణ్ణి మీరు ఎక్కడా చూసి ఉండరు. చూడాలని ఉంటే శ్రమ పడక్కర్లేదు, ఈ కథ చెప్పేవాడు వాడే. అత్త సొమ్ము అల్లుడి దానం అన్న సామెత మనవాళ్ళకు ఎప్పట్నుంచో ఉంది. ఆలి సూది బర్రెకు దానం అన్నది మాత్రం నా తర్వాతే మా ఉదయగిరి చుట్టుపక్కల పుట్టింది. ఒక సాయంత్రం ఏడు గంటల వేళకు నా సంసారం, నా ఉద్యోగం, నా పరువు మూడూ చిటికెన వేలంత గాజు సీసాలో ఎట్లా ఇరుక్కున్నాయో చెబుతాను. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. నవ్వే ముందు ఒక్కసారి లేచి, మీ ఫ్రిజ్‌లో ఉన్న మందుల మీద పేర్లు చదువుకుని రండి.

నేను గోపాలమిత్రను. ఎదకొచ్చిన ఆవులకూ బర్రెలకూ రైతు ఇంటి దగ్గరికే వెళ్ళి, మంచి జాతి విత్తనం వేసి, సూడి నిలబెట్టడం నా పని. బండి వెనక విత్తనాల నైట్రోజన్ క్యాను, ముందు మందుల ఐసు పెట్టె. ఉదయగిరి నుంచి వరికుంటపాడు దాకా ఏ పల్లెలోనైనా నా బండి చప్పుడు వింటే బర్రెలు సిగ్గుపడి తల పక్కకు తిప్పుకుంటాయని జనం ఎగతాళి చేసేవాళ్ళు. నేను దాన్ని బిరుదుగా తీసుకునేవాణ్ణి. ఆ వయసులో నాకు అన్నీ బిరుదుల్లాగానే వినపడేవి.

బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత. పెళ్ళై ఐదేళ్ళైనా మాకు బిడ్డల్లేరు. నా భార్య సువార్త అంగన్‌వాడీ టీచరు. రోజంతా ఊరి పిల్లల ముక్కులు తుడిచి, గుడ్లు పంచి, పాటలు పాడించి, సాయంత్రం ఇంటికొచ్చి తలుపు తీసేసరికి ఇంట్లో గోడ గడియారం తప్ప ఏ చప్పుడూ ఉండేది కాదు. తను ఏమీ అనేది కాదు. అనకపోవడం నాకు ఇంకా కష్టంగా ఉండేది.

ఒక రోజు చేపల పులుసు వడ్డిస్తూ అడిగింది.

"ఏమయ్యా, బర్రె మూడుసార్లు పొర్లితే రైతుకి నువ్వేం చెప్తావు?"

సూలు నిలవక మళ్ళీ మళ్ళీ ఎదకు రావడాన్ని మా పనిలో పొర్లడం అంటాం. వృత్తికి సంబంధించిన ప్రశ్న కదా, ఉత్సాహంగా జవాబు చెప్పాను.

"దున్నని మార్చి చూడమంటా."

"మరి మనింట్లో రెండేళ్ళుగా డాక్టర్లని మారుస్తా ఉండావే?"

ముద్ద పళ్ళెంలోనే పెట్టేశాను. నిజమే. దున్నల విత్తనం బతికుందో లేదో రోజూ చూసుకునే నేను, నా సొంత పరీక్ష మాత్రం ఏదో ఒక సాకుతో తప్పించుకుంటూ వచ్చాను. మర్నాడే ఆత్మకూరు వెళ్ళి చేయించుకున్నాను. బాగానే ఉందన్నారు. ఆ కాగితాన్ని పదో తరగతి మార్కుల లిస్టులాగా పట్టుకొచ్చి చూపిస్తే సువార్త చదివి, మడిచి నా జేబులోనే పెట్టింది.

"ఈ మాట రెండేళ్ళ కిందట తెలిసుంటే నాకు సగం పరీక్షలు తప్పేయి" అంది.

ఆత్మకూరు డాక్టరమ్మ చాలా ఓపిగ్గా మాట్లాడే మనిషి. సమస్య ఎక్కడుందో బొమ్మ గీసి మరీ చెప్పింది.

"మెదడు కింద శనగగింజంత గ్రంథి ఒకటి ఉంటుందమ్మా. నెలకొకసారి అది ఎల్‌హెచ్ అనే హార్మోన్ని ఒక్క ఉదుటున వదులుతుంది. ఆ పొంగు వస్తేనే గుడ్డు విడుదలవుతుంది. నీకు ఆ హార్మోను రోజూ ఉండాల్సిన దానికంటే కాస్త ఎక్కువే ఉంది. కానీ పొంగాల్సిన రోజు పొంగడం లేదు."

"సన్న సెగ మీద పాలు మాదిరి" అంది సువార్త. "కాగతానే ఉంటాయి, పొంగవు."

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టేసింది. "అంతే! నేను ఇన్నేళ్ళుగా చెబుతున్నా, ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. అందుకని గుడ్డు పెరగడానికి మాత్రలు ఇస్తాం. అది తయారయ్యాక ఎల్‌హెచ్ చేసే పనిని చేసే సూదిమందు బయటి నుంచి వేస్తాం. వేసిన ముప్పై ఆరు గంటలకు గుడ్డు విడుదలవుతుంది. సరిగ్గా ఆ సమయానికి మీ ఆయన వీర్యకణాల్ని శుభ్రం చేసి లోపలికి పంపిస్తాం."

నేనిక ఆగలేకపోయాను. "మాకు తెలుసు మేడం! పొద్దున ఎదకొస్తే సాయంత్రం, సాయంత్రం వస్తే మర్నాడు పొద్దున..."

సువార్త బల్ల కింద నా కాలు తొక్కింది. చెప్పుతో సహా.

అట్లా రెండు నెలలు ప్రయత్నించాం. రెండుసార్లూ నిలవలేదు. మూడోసారి మాత్రలు మొదలుపెట్టిన రోజు రాత్రి ప్రార్థన అయ్యాక సువార్త మోకాళ్ళ మీద నుంచి లేవకుండానే చెప్పింది.

"ఇదే ఆఖరు. ఇంక నేను ఆ బల్ల ఎక్కను. ప్రభువు ఇస్తే ఇచ్చినాడు, లేకుంటే నా అంగన్‌వాడీ పిలకాయలు ఉండారు."

నేను సరే అన్నాను. లోపల మాత్రం ఈసారి ఎట్లాగైనా నిలవాలని, ఈ ఇంట్లో గడియారం కాకుండా ఇంకో చప్పుడు వినపడాలని ప్రాణమంతా పెట్టి కోరుకున్నాను. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ తర్వాత నేను చేసిన పని ఎంత గొప్పదో మీకు సరిగ్గా తెలియాలి.

వానలు పట్టిన రోజులు. ఆ పొద్దున ఆత్మకూరులో స్కానింగు చేసి డాక్టరమ్మ నవ్వింది. "గుడ్డు తయారైంది. ఈ సాయంత్రం ఏడు గంటలకు సూది. ఎల్లుండి పొద్దున ఏడు గంటలకు ఇక్కడ ఉండాలి. మందు మాత్రం చల్లగా ఉండాలి, ఫ్రిజ్‌లో పెట్టండి." మా వీధిలోనే సుశీలక్క అని నర్సు ఉంది. సూది ఆమె వేస్తానంది. అన్నీ కుదిరాయి. మధ్యాహ్నం ఒంటిగంటకు ఉదయగిరి చేరేసరికి కరెంటు లేదు. వానకు లైను ఎక్కడో తెగిందట.

అప్పుడు నా మెదడు పనిచేసింది. అది పనిచేసినప్పుడల్లా నాకు కష్టమే.

"ఫ్రిజ్ దేనికి మే? నా ఐసు పెట్టె ఉండాదిగా. ఆత్మకూరు నుంచి దాంట్లోనే గదా తెచ్చింది."

ఆ పెట్టెలో అప్పటికే ఇంకో సీసా ఉంది. వరికుంటపాడు దగ్గర పల్లెలో మాలకొండారెడ్డి అని పెద్ద రైతు. గట్టు తగాదా వచ్చినా, అన్నదమ్ముల పంపకం వచ్చినా ఆ ఊళ్ళో తీర్పు ఆయనదే. ఆయన బర్రె మూడుసార్లు పొర్లింది. ఈసారి విత్తనంతో పాటు ఇది కూడా వెయ్యమని మా పశువుల డాక్టరుగారు ఒక సీసా ఇచ్చారు. అదీ గుడ్డును విడుదల చేయించే మందే. మనిషికైనా బర్రెకైనా లోపల జరిగే సంగతి ఒకటే కదా. రెండూ తెల్ల పొడి ఉన్న చిన్న సీసాలు, రెండింటికీ పక్కన కలపడానికి నీళ్ళ ఆంప్యూలు. అట్టపెట్టెలు ఐసు నీళ్ళకు నానిపోతాయని నేను ఎప్పుడూ తీసేసి, సీసాను ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెడతాను.

ఇక్కడ నా అలవాటు ఒకటి చెప్పాలి. ఆ రోజు తప్పకుండా వాడాల్సిన మందు కవరుకు ఎర్ర రబ్బరు బ్యాండు వేస్తాను. ఎన్నో ఏళ్ళుగా అంతే. చెయ్యి పెట్టెలోకి పోతే కళ్ళతో పని లేకుండా ఎర్ర బ్యాండును పట్టుకొస్తుంది. ఆ పొద్దున ఆత్మకూరులో సువార్త మందుకు ఎంతో ప్రేమగా నేనే ఎర్ర బ్యాండు వేశాను. ఈ రోజు తప్పకుండా వాడాల్సింది అదే కదా మరి!

రెండున్నరకు ఫోను మోగింది. మాలకొండారెడ్డి.

"ఒరే ప్రసాదూ, పొద్దున్నించి బర్రె ఒకటే అరుపురా. జిగట తీగ గూడ ఏసింది. వస్తా ఉండావా లేదా?"

"వస్తా ఉండా పెద్దాయనా!"

సువార్త గుమ్మంలో నిలబడింది. "ఈ ఒక్కరోజు పోకపోతే ఏంది?"

"నాలుగోసారి మే. ఈసారి గూడ తప్పిపోతే పెద్దాయన దాన్ని సంతకి తోలేస్తాడు. ఐదుకంతా ఇంట్లో ఉంటా."

"అయితే బర్రె మందు తీసుకోని పో. పెట్టె ఈడ పెట్టు."

"బర్రె మందుకి గూడ ఐసు కావాల గదా. మాటిమాటికి తెరిస్తే ఐసు కరిగిపోతుంది. నేను ఇన్నేళ్ళుగా మందులు మోస్తా ఉండా, నాకు తెలవదా?"

సువార్త నన్ను ఒక చూపు చూసింది. ఆ చూపును నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

మాలకొండారెడ్డి కొట్టంలో చీకటి. పైన రేకుల మీద వాన. బర్రె బలమైనది. ఇద్దరు మనుషులు పట్టుకున్నా నిలవడం లేదు. విత్తనం వేయడం అయ్యేసరికి నాకు పేడతో అభిషేకం జరిగింది. ఇక సూది. ఎడమ చెవికీ భుజానికీ మధ్య ఫోను. అవతల సువార్త.

"మందు జాగర్తగా ఉండాదా?"

"నా చేతిలోనే ఉండాది మే. బంగారం మాదిరి పట్టుకోనుండా."

అబద్ధం కాదు. ఆ క్షణాన అది నిజంగా నా చేతిలోనే ఉంది. ఎర్ర బ్యాండు తీశాను, ఆంప్యూలు విరిచాను, పొడి కలిపాను, బర్రె మెడ మీద పొడిచాను. మాలకొండారెడ్డి బర్రె వీపు నిమిరి, "ఈసారి నిలుస్తాదిరా, నా మనసుకి తెలస్తా ఉండాది" అన్నాడు. నేను ఖాళీ సీసాను సంచిలో పడేసి, చేతులు కడుక్కుని, ఆయన ఇచ్చిన టీ తాగి, ఈల వేసుకుంటూ బయల్దేరాను. ఈల వేసుకుంటూ! ఆ ఈల తలుచుకుంటే ఇప్పటికీ నా మూతి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆరున్నరకు సుశీలక్క వచ్చింది. కరెంటు ఇంకా రాలేదు. చార్జింగు లైటు పెట్టాం. సువార్త స్నానం చేసి, తలదువ్వుకుని, మంచం మీద కూర్చుని పెదవుల మధ్యే ప్రార్థన చేసుకుంటోంది. నేను పెట్టెలో చెయ్యి పెట్టాను. చేతికి ఎర్ర బ్యాండు తగల్లేదు. ఊడిపోయి ఉంటుందిలే అనుకుని ఉన్న కవరు తీసి సుశీలక్కకు ఇచ్చాను.

ఆరూ యాభై. సుశీలక్క సీసాను లైటు దగ్గర పెట్టింది. అద్దాలు సర్దుకుంది. మళ్ళీ దగ్గరగా చూసింది.

"ప్రసాదూ, దీని మీద ఆవు బొమ్మ ఉండాదేందిరా?"

"కంపెనీ గుర్తేమోలే అక్కా."

"పశువులకు మాత్రమే అని ఇంగ్లీషులో గూడ రాసుండాది. అది గూడ కంపెనీ గుర్తేనా?"

గదిలో గడియారం చప్పుడు ఒక్కటే. నేను సంచిలోకి చెయ్యి పెట్టి ఖాళీ సీసా తీశాను. దాని మీద ఏ ఆవూ లేదు. ఆత్మకూరు మందుల షాపు చీటీ మాత్రం చక్కగా అంటుకుని ఉంది. ఆ అక్క గనక చీటీ చదవని మనిషై ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన వచ్చి ఆవు బొమ్మ సీసాను సుశీలక్క చేతిలోంచి లాక్కున్నాను.

"నా మందు యాడ?" అంది సువార్త.

"మే..."

"నా మందు యాడయ్యా?"

"బర్రెలో ఉండాది."

సుశీలక్క కుర్చీలో కూలబడింది. సువార్త ఏడవలేదు, అరవలేదు. మంచం మీది నుంచి లేచి, ఫోను తీసి నా చేతిలో పెట్టింది. "డాక్టరమ్మకి చెయ్యి. నువ్వే చెప్పు. అబద్ధం చెప్పబాక" అంది.

చెప్పాను.

"బర్రెకా?" అంది డాక్టరమ్మ.

"అవును మేడం."

"మొత్తం సీసానా?"

"మొత్తం మేడం. మా పనిలో మిగల్చం."

గట్టిగా ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది. "వినండి. ఉదయగిరిలో ఈ మందు దొరకదు. ఇద్దరూ వెంటనే బయల్దేరి వచ్చెయ్యండి, నేను ఆసుపత్రిలోనే ఉంటాను. గంటా గంటన్నర ఆలస్యమైతే పర్వాలేదు, ఎల్లుండి టైము కూడా అంతే వెనక్కి జరుపుకుంటాం. రేపటిదాకా మాత్రం ఆగకూడదు. గుడ్డు తయారై కూర్చుంది, ఈ నెల అవకాశం పోతుంది. ఇక ఆ పెట్టెను అక్కడే వదిలేసి రండి."

బస్సు కోసం చూస్తే పనికాదు. బండి మీద నుంచి నైట్రోజన్ క్యాను, ఐసు పెట్టె రెండూ దించేశాను. సువార్త వెనక కూర్చుంది. పైన సన్నటి జల్లు, ముందు చీకటి, ఎదురుగా లారీల లైట్లు. రోడ్డులో గుంతలన్నీ నీళ్ళతో నిండి చదునుగా కనిపిస్తున్నాయి. వేగంగా పోతే పడతాం, నెమ్మదిగా పోతే ఆ నెల పోతుంది. నా భుజం మీద సువార్త చెయ్యి ఉంది. గట్టిగా పట్టుకోలేదు, తియ్యనూ లేదు. కోపమో భయమో ఆ చేతిని బట్టి తెలియడం లేదు. ఆత్మకూరు రోడ్డు అంత పొడుగని నాకు అంతకు ముందు తెలియదు.

సగం దారిలో రోడ్డంతా గొర్రెలు. ఎవరి పొలంలోనో ఎరువు కోసం మంద కట్టడానికి తోలుకుపోతున్నారు. హారన్ కొట్టాను. గొర్రెలకు హారన్ అంటే లెక్కే లేదు. ప్లాస్టిక్ పట్టా కప్పుకున్న ముసలాయన టార్చిలైటు నా మొహం మీద వేసి, పళ్ళన్నీ కనపడేట్టు నవ్వాడు.

"నువ్వటయ్యా! దేవుడే పంపించినాడు. మా బర్రె రెండ్రోజులుగా మేత ముట్టలేదు, ఎదకొచ్చినట్టే ఉండాది. ఈ పక్కనే ఇల్లు. ఓసారి చూసి పోదువు రా."

నేను నోరు తెరవబోయాను. వెనక నుంచి సువార్త గొంతు వచ్చింది. ఉదయగిరి వదిలాక అదే మొదటి మాట.

"ఈ పొద్దు ఆయన ఏ బర్రెనీ చూడడు తాతా. నన్నే చూడాల. గొర్రెల్ని తప్పించు."

ముసలాయనకు ఏం అర్థమైందో తెలియదు గానీ ఈల వేసి మందను పక్కకు తోలాడు. కాస్త దూరం పోయాక సువార్త మళ్ళీ మాట్లాడింది.

"ఆ బర్రెకి పేరుండాదా?"

"ఏమో మే."

"కనుక్కో. నా మందు ఎవురు తీసుకున్నారో నాకు తెలియాల గదా."

ఆ మాటకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వానలో తడిసిన మొహం కాబట్టి రెండూ చేశాను.

ఎనిమిదిన్నరకు సూది పడింది. డాక్టరమ్మ సీసా మీది పేరు పైకి చదివి, సువార్త చేత చదివించి, ఆ తర్వాతే వేసింది. నా వైపు తిరిగింది. "నీ పెట్టెలో మిగిలిన ఆ రెండో సీసా ఈమెకు పడి ఉంటే ఏం చేసేవాడివి? చదువుకున్నావు, ఇదే వృత్తిలో ఉన్నావు." గోడ మీద నవ్వుతున్న పసిపిల్లల ఫొటోలను చూస్తూ నిలబడ్డాను. మూడో రోజు పొద్దున ఎనిమిదిన్నరకు మళ్ళీ వెళ్ళాం. జరగాల్సింది జరిగింది. రెండు వారాలు ఎదురుచూశాం.

నిలవలేదు.

నేను డాక్టరమ్మ ముందు దొంగలాగా నిలబడి అడిగాను, నా వల్లేనా అని. కాదంది. "లెక్క సూది వేసిన టైము నుంచి, ఏడు గంటల నుంచి కాదు. అన్నీ సరిగ్గా కుదిరినా చాలా నెలలు నిలవకుండానే పోతాయి. అది ఎవరి తప్పూ కాదు." నమ్మాలని చాలా ప్రయత్నించాను. సువార్త ఫైలును బీరువాలో చీరల కింద పెట్టేసింది. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

రెండు నెలలు దాటాక ఒక ఆదివారం, సువార్త పుట్టింటి ఊళ్ళో చర్చికి వెళ్ళి తిరిగి వస్తుంటే మాలకొండారెడ్డి మమ్మల్ని రోడ్డు మీద ఆపాడు. "బర్రె మళ్ళా ఎదకి రాలేదురా. చెయ్యి పెట్టి చూసి పో." సువార్త కూడా కొట్టంలోకి వచ్చింది. నేను భుజం దాకా గ్లౌజు తొడుక్కుని చూశాను. చేతికి తగిలింది. సందేహం లేదు.

"సూడి పెద్దాయనా! రెండు నెలలు దాటింది."

"నే జెప్పలా! నీ చెయ్యి మంచిదిరా!"

"చెయ్యి కాదు పెద్దాయనా" అంది సువార్త వెనక నుంచి. "సూది మంచిది. అది నా సూది."

నేను గ్లౌజు చేతితోనే వద్దు వద్దని సైగ చేశాను. తను ఆగలేదు. ఎర్ర బ్యాండు నుంచి గొర్రెల మంద దాకా అంతా చెప్పేసింది. ఆయన పశువుల డాక్టరుగారికి ఒక్క ఫోను చేస్తే నా పని అయిపోయినట్టే. మాలకొండారెడ్డి భుజం మీది తువ్వాలు తీసి మంచం మీద పరిచి కూర్చున్నాడు. ఊళ్ళో తీర్పు చెప్పేటప్పుడు ఆయన అట్లాగే కూర్చుంటాడు.

"నా బర్రెకి ఆడమనిషి మందు ఏసినావా?"

"తప్పయిపోయింది పెద్దాయనా."

ఆయన బర్రెను చూశాడు, సువార్తను చూశాడు, నన్ను మాత్రం చూడలేదు. "పంచాయితీ అంటే పంచాయితీనే. సూది ఈ అమ్మిది, బర్రె నాది, తప్పు నీది. పెయ్యదూడ పడితే నాకూ అమ్మికీ చెరి సగం. దున్నదూడ పడితే మొత్తం నీకే. మేపుకో."

సువార్త ఫక్కున నవ్వింది. రెండు నెలల తర్వాత విన్నాను ఆ నవ్వు. నవ్వుతూనే బర్రె దగ్గరికి వెళ్ళి దాని నుదుటి మీద చెయ్యి పెట్టింది, కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి. "నీకైనా నిలిచిందిలే" అని దానితో మెల్లగా అంది. నేను గ్లౌజు తీసుకుంటూ గోడ వైపు తిరిగాను.

దారిలో అడిగింది. "దానికి ఎన్నోసారికి నిలిచింది?"

"నాలుగోసారికి."

"మనకి మూడే గదా అయింది."

బండి ఆపేశాను. వెనక్కి తిరిగి చూడటానికి ధైర్యం చాలలేదు. "రేపు ఫైలు బయటికి తియ్యి. ఈసారి మందు నువ్వు ముట్టుకోబాక" అంది.

ముట్టుకోలేదు. నాలుగోసారి మందును సువార్త తన అన్నం క్యారియర్లో ఐసు వేసి, ఒళ్ళో పెట్టుకుని ఆత్మకూరు నుంచి బస్సులో తెచ్చుకుంది. బస్సులో నా సీటు కూడా మూడు వరసల వెనక. ఆ సాయంత్రం సుశీలక్క చీటీ పైకి చదివింది, సువార్త చదివింది. ఏడుకు ఐదు నిమిషాలుండగా మాలకొండారెడ్డి ఫోను చేశాడు. "ఒరే, సూది ఎవురికి ఏస్తా ఉండారో చూసుకోనుండారా? నా బర్రె ఈడే ఉండాది, దానికి ఇంక అక్కర్లేదు!"

ఆ నెల నిలిచింది. డాక్టరమ్మ ఫోనులో చెప్పినప్పుడు నేను వరికుంటపాడు వైపు ఎవరిదో ఆవు దగ్గర ఉన్నాను. దాని మెడ కావలించుకుని ఏడ్చాను. రైతు ఏమనుకున్నాడో, దాన్ని నాకు అమ్మడం కుదరదని ముందే చెప్పేశాడు.

సువార్తకు ఎనిమిదో నెల వచ్చిన రోజుల్లో ఒక పొద్దున మా ఇంటి ముందు ఆటో ఆగింది. వెనక గడ్డి మీద పలుపుతో కట్టిన దున్నదూడ. నల్లగా, గుండ్రటి కళ్ళతో, తల్లిని వదిలొచ్చిన కోపంతో నన్నే చూస్తోంది. ఆటో అతను ఒకే మాట చెప్పాడు. "పెద్దాయన ఇమ్మన్నాడు. తీర్పు తీర్పేనంట." వీధి వీధంతా బయటికొచ్చింది. సువార్త ద్వారబంధం పట్టుకుని, రెండో చేత్తో పొట్ట పట్టుకుని, ఊపిరాడనంతగా నవ్వుతోంది.

"మనింట్లో మొదటి కాన్పు నీదే అయింది గదయ్యా!"

తర్వాతి నెల పాప పుట్టింది. మా చర్చిలో పసిబిడ్డను ప్రభువుకు ప్రతిష్ఠించేటప్పుడు తల్లిదండ్రుల చేత సంఘం ముందు ప్రమాణం చేయిస్తారు. పాస్టరుగారు గంభీరంగా అడిగారు. "ఈ బిడ్డను దైవభక్తిలో పెంచుతామని మాట ఇస్తున్నారా?"

"ఇస్తున్నాము" అన్నాం ఇద్దరం.

సువార్త మోచేత్తో పొడిచింది. "రెండోది గూడ చెప్పు."

సంఘమంతా చూస్తోంది. నేను గొంతు సవరించుకుని, కుడి చెయ్యి పైకెత్తాను. "ఇకమీదట నా ప్రాణం ఉన్నంతవరకు, చీటీ రెండుసార్లు చదవకుండా ఏ సీసా మూతా తియ్యనని, ఎర్ర రబ్బరు బ్యాండును నమ్మనని, మనుషుల మందును పశువుల పెట్టెలోనూ పశువుల మందును మనుషుల ఇంట్లోనూ పెట్టనని, నాకు తెలవదా అన్న మాట నా భార్య ముందు అననని దేవుని సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను."

పాస్టరుగారు తన పుస్తకంలో ఆ పేరా ఎక్కడుందా అని వెతుక్కుంటున్నారు. చివరి బెంచీ మీద నుంచి, అంతకు ముందు ఎప్పుడూ చర్చి గడప తొక్కని మాలకొండారెడ్డి లేచి నిలబడి, పాప ఉలిక్కిపడి ఏడిచేంత గట్టిగా అన్నాడు.

"ఆమేన్!"